వేసిన చేపకు లెక్కుంది, ఉన్న చేపకు లేదు

మృగశిర కార్తె నాడు మా అమ్మకు ఊపిరి సలపదు. తెల్లారకముందే అంగట్లో తన జాగలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా కత్తిపీట ముందు నుంచి లేవదు. ఆ రోజు చేప ఉడకని ఇల్లు మా వైపు తక్కువ. రోహిణి ఎండలు పోయి వాన దిగే వేళ ఒంటికి మంచిదని తింటారు. ఆ ఒక్క పూట నేనూ పక్కన కూర్చుని తూకం వేస్తాను, పైసలు తీసుకుంటాను. ఈ ఏడు అట్లా కూర్చున్నప్పుడే మా వాడకట్టు పిల్ల కిలో రవ్వకు వచ్చింది. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. అమ్మ చేప కోస్తుంటే చూస్తూ చూస్తూ నన్నడిగింది:

"అక్కా, నీట్‌ల సీటు రాకపోతే నీ లెక్క చేపల చదువు చదువచ్చా?"

జనం మీద పడుతున్నారు. "ఇంటికి రా, చెప్తా" అన్నాను. ఆ పిల్ల రాలేదు. నేను మాత్రం ఆ ప్రశ్నను వారం రోజులు మోశాను. ఆమెకు చెప్పాల్సింది ఇంకొందరు పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ "రాకపోతే" అన్న మాట. దానికి ఆ పిల్లను తప్పు పట్టలేను. డాక్టరు సీటు తప్పిపోయినవాళ్ల చదువుగా జువాలజీని నిలబెట్టింది పెద్దవాళ్లమే. నేనూ అట్లాగే వచ్చాను. ర్యాంకు సరిపోలేదు, హనుమకొండలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన డిగ్రీ బీజడ్‌సీలో చేరాను. తర్వాత ఎంఎస్సీ, రెండు ప్రాజెక్టుల్లో ఫెలోగా పని. ఇప్పుడు ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠం చెప్తూ మిగిలిన రోజులు చెరువుల మీద తిరుగుతున్నాను. ఇంతదూరం వచ్చాక నాకు తేలిందేమిటంటే, మా వరంగల్ జిల్లాల్లో ఇది ఎవరికో మిగిలిపోయిన పని కాదు, ఎవరూ ఎత్తుకోని పని.

మా నాయిన మత్స్య సహకార సంఘంలో సభ్యుడు, ఆయన తండ్రీ అంతే. ఎంఎస్సీ అయ్యాక చెరువుల చేపల మీదే పనిచేస్తానని చెప్పిన రాత్రి నాయిన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"వల ఇడిసిపెట్టాలెనని సదివిస్తి బిడ్డా. తిరిగి తిరిగి నీళ్లల్లకే వస్తివి."

ముప్పై ఏండ్లు చలికాలం పొద్దున నడుముదాకా నీళ్లలో నిలబడ్డ మనిషి మాట అది. పట్టిన చేపకు ధర కట్టేది ఎప్పుడూ దళారే. తెప్ప తిరగబడి పోయిన తన తమ్ముడి పేరు ఆయన ఇంట్లో ఎత్తడు. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది.

డిగ్రీ మొదటి ఏడాది "చేప" అనగానే మాకు పాఠంగా వచ్చింది స్కోలియోడాన్. సొరచేప, సముద్రపుది. సముద్రమే లేని రాష్ట్రంలో, చెరువుల నడుమ పుట్టిన పిల్లలం, దాని మొప్ప చీలికలు ఎన్నో, గుండెకు రక్తం ఎట్లా చేరుతుందో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. ల్యాబులో ఫార్మలిన్ సీసాలో తెల్లబడిన ఒక సొరపిల్ల. మృదులాస్థి చేపల నిర్మాణం తెలియాలి, కాదనను. కానీ కాలేజీ గేటు దగ్గర బస్సెక్కితే అరగంటలో మూడు చెరువులు దిగొచ్చు. వాటిలో ఏం చేపలు ఉంటాయని మూడేళ్లలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. చెరువు మీద పెరిగిన నాకూ అడగాలని తోచలేదు. చదువంటే ఇంటికి దూరంగా ఉండేదేనని నేనూ నమ్మాను.

ఆ నమ్మకం ఎంఎస్సీలో విరిగింది. మత్స్య పెంపకం పేపర్లో ఒక అధ్యాయం: కలుపు చేపలు, వేటాడే చేపలు, వాటి నిర్మూలన. నర్సరీ చెరువులో పిల్లలను వదిలే ముందు మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి) చల్లాలని రాసి ఉంది. ఇప్పచెక్కలోని సపోనిన్ చేప రక్తకణాలను పగలగొడుతుంది. గంటల్లో ఉన్నవన్నీ తేలిపోతాయి. కొన్ని రోజులకు విషం విరిగి చెక్క ఎరువుగా మారుతుంది. నర్సరీ గుంటలో ఎందుకు అట్లా చేస్తారో నాకు తెలుసు. దోమంత చేపపిల్లలకు పోటీ ఉంటే అవి బతకవు. నేను ఆగిపోయింది ఆ కలుపు చేపల జాబితా దగ్గర. అందులో పరక చేపలున్నాయి. మోలా అనే వెండి రంగు చిన్న చేప ఉంది. మా ఇంట్లో పెద్ద చేప అంగడికి, చిన్న చేప పొయ్యి మీదికి. అమ్మ వాటిని తల తియ్యకుండా, ముల్లు తియ్యకుండా చింతపులుసు పోసి వండేది. ముల్లు కూడా కరకర నమిలి మింగేవాళ్లం. నా ఎముకలు ఆ కలుపుతో గట్టిపడ్డవే.

తర్వాత తెలిసింది, ఆ మోలా చేపలో విటమిన్ ఎ బాగా ఎక్కువని, కండ్ల దగ్గరే ఎక్కువ ఉంటుందని, అందుకే తలతో తినాలని. బంగ్లాదేశ్‌లో పేద ఇళ్ల చెరువుల్లో బొచ్చె, రవ్వ లాంటి పెద్ద కార్పులతో పాటు ఈ చిన్న చేపలనూ ఉండనివ్వాలని ఏండ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఒక పుస్తకంలో కలుపు, ఇంకొక చోట పిల్లల చూపు నిలిపే తిండి. ఏ చేపను ఏమని పిలుస్తామో దాన్ని బట్టే దాని బతుకు ఉంటుంది.

ఆ సెలవుల్లో నోట్‌బుక్కు పట్టుకుని నాయిన ముందు కూర్చున్నాను.

"మన చెరువుల ఏమేం చేపలుంటయ్ నాయినా?"

"బొచ్చె, రవ్వ, బంగారుతీగ."

"గవి గాదు. మనం ఎయ్యకుండ ఉండేటియి."

కాసేపు ఏమీ అనలేదు. ఆ మాట ఆయనను కూడా ఎవరూ అడగలేదు. తర్వాత మొదలుపెట్టాడు. కొర్రమీను, మట్టగుడిస, వాలుగ, మార్పు, జెల్లల్లో రకాలు, బొమ్మిడాయి, ఇసుక దొందు. పరకల దగ్గరికి వచ్చేసరికి చేతి వేళ్ల మీద చూపిస్తూ చెప్పాడు: తోక మొదట్లో నల్లచుక్క ఉన్నది వేరు, ఒంటి మీద చుక్కలు లేనిది వేరు. ఏది మొదటి వానకు కదులుతుందో, ఏది బురదలో దాగి ఎండాకాలం గడుపుతుందో, వాలుగ ఏ మడుగులో ఉంటుందో చెప్పాడు. రెండు పేజీలు నిండాయి. కొన్ని పేర్ల దగ్గర మాత్రం "గిది కండ్లవడక శానేండ్లాయె" అన్నాడు. నేను ఆ పేర్ల కింద గీత గీసుకున్నాను. నా అసలు చదువు ఆ గీతల దగ్గర మొదలైంది.

వాలుగ గురించి ఒక ముచ్చట ఇక్కడే చెప్పాలి. శాస్త్రంలో దాని పేరు వల్లాగో అట్టు. వల్లాగో అనేది ఏ లాటిన్ మాటో అనుకున్నాను. అది మన వాలుగే. ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో చేపలు సేకరించి, అక్కడివాళ్లు పిలిచే పేర్లతోనే బొమ్మలు వేయించి 1803లో రెండు వందల చేపల పుస్తకం అచ్చువేశాడు. అందులోని పేరే తర్వాత ఆ ప్రజాతికి శాస్త్రనామమై నిలిచింది. తెలుగు జాలరి నోట్లోంచి వచ్చిన మాట ఇవాళ ఏ దేశపు మ్యూజియంలో ఆ చేప ఉన్నా దాని సీసా మీద ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడు నాయిన, "మనోళ్లు చెప్పిందే రాసుకున్నరా?" అని రెండుసార్లు అడిగాడు. అదే వాలుగ ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న చేపల్లో చేరింది. పేరు పుస్తకంలో భద్రంగా ఉంది, చేప చెరువుల్లో తగ్గిపోతున్నది.

ఇక అసలు చెప్పదలచుకున్నది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చెరువుకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, నీళ్లు నిలిచే చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. ఆక్సిజన్ పట్టిన సంచుల్లో వస్తాయి, సంఘం మనుషుల ముందు లెక్కపెట్టి వదులుతారు. ఏ చెరువులో ఏ రకం ఎన్ని వేశారో కాగితం ఉంటుంది. చేపలు పట్టాక ఎన్ని టన్నులో దానికీ కాగితం ఉంటుంది. మరి ఎవరూ వేయకుండానే ఆ నీళ్లలో పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి, పోతున్న చేపలకు కాగితం ఎక్కడుంది? వేసిన చేపకు లెక్కుంది, ఉన్న చేపకు లేదు. ఆ రెండో లెక్క రాసే మనిషి కావాలి. ఆ మనిషి కావడమే నేను ఎంచుకున్న పని, నీకు చెప్పదలచుకున్న చదువు.

వేసిన చేప మీద నాకు పగ లేదు. బొచ్చె, రవ్వలే నా ఫీజులు కట్టాయి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం సూదితో ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించకపోతే, పిల్లల కోసం ఇప్పటికీ వరదలో నదుల వెంట తిరగాల్సి వచ్చేది. ఆ రోజును జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం, జరుపుకోవాలి కూడా. నా గోస వేరే. రవ్వ, మ్రిగాల గంగానది వైపు నుంచి వచ్చినవి. దక్కను నదులకు తమ సొంత కార్పులు ఉన్నాయి, పెదవికి కుచ్చులున్న లేబియో ఫింబ్రియేటస్ లాంటివి. వాటి పిల్లలను పెంచే హేచరీ ఎక్కడుందని అడిగితే సంఘాల్లో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఎవరూ అడగరు. అడగాలంటే ముందు అవి ఉన్నాయని తెలియాలి.

మా ప్రాంతం ఈ పనికి ఎంత తగినదో చెప్తే కొందరు నమ్మరు. వరంగల్ రెండు నదుల నడుమ మిట్ట మీద ఉంది. రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి పోతాయి. పాకాల నీళ్లు మున్నేరుగా మారి కృష్ణలో కలుస్తాయి. ఇవన్నీ కాకతీయులు కట్టిన చెరువులు. పాకాల, రామప్ప గణపతిదేవుడి కాలానివి, ఎనిమిది వందల ఏండ్లు దాటినవి. ఎనిమిది వందల ఏండ్లంటే చేపలకు వందల తరాలు. ఒక చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు నిండేట్టు గొలుసుకట్టుగా కట్టారు. నీళ్లు కిందికి దుంకుతుంటే చేపలు పైకి ఎదురెక్కుతాయి. మత్తడి పడ్డ రాత్రి ఊరంతా టార్చిలైట్లతో అక్కడే ఉంటుంది. చిన్నప్పుడు నాకది జాతర. ఇప్పుడు చూస్తే, గుడ్లు పెట్టడానికి పోయే తల్లిచేపలను దారికి అడ్డం నిలబడి పట్టుకుంటున్నాం. ఆ నాలుగైదు రాత్రులు వదిలేస్తే వచ్చే ఏడు ఏం పెరుగుతుందో కొలిచి చూపాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. ఒక సంఘం ఒప్పుకుంది, రెండు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఇంకొకటి జరుగుతున్నది. శ్రీరాంసాగర్ నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాల్వ, ఏటూరునాగారం దగ్గర నుంచి ధర్మసాగర్ దాకా దేవాదుల పైపులు గోదావరి నీళ్లను మా చెరువులకు తెస్తున్నాయి. ఎండిన పొలం తడిసింది, ఆ సంతోషం మా ఇంట్లోనూ ఉంది. కానీ గోదావరి నీళ్లు కృష్ణ వైపు పారే చెరువుల్లో కూడా పడుతున్నాయి. రెండు నదుల చేపలు ఎన్నడూ లేని విధంగా కలుస్తున్నాయి. ఏ చేప వచ్చింది, ఏది పోయింది, దేనికి రోగం అంటింది అని చూసేవాళ్లు ఎందరు? ఈ మార్పు మా కండ్ల ముందే జరుగుతున్నది, ఒక్కసారే జరుగుతుంది. పదేండ్ల తర్వాత మొదలుపెడితే ముందు ఎట్లా ఉండేదో చెప్పే మనిషి ఉండడు. నాయిన వయసు వాళ్లే చివరి సాక్షులు.

పరాయి చేపల సంగతి క్లుప్తంగా చెప్తాను. మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. దోమల కోసమని గంబూసియా 1928లోనే వచ్చింది, ఇప్పటికీ ఊళ్లలో వదులుతున్నారు. మనం ఏటా వేసే బంగారుతీగ అడుగు బురదను తవ్వి నీళ్లను కలకబారుస్తుంది. ఈ మూడూ ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జీవుల ఐయూసీఎన్ జాబితాలో ఉన్నాయి. అక్వేరియంలో అద్దం నాకుతుందని కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలేసే సక్కర్‌మౌత్ ఇంకొకటి. వలల్లో చిక్కి వాటిని చింపుతుంది. హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ జాడను బట్టి దాన్ని పసిగట్టే పద్ధతి తయారుచేశారు. వల వేయకుండా చెంబెడు నీళ్లతో చేప ఉందో లేదో చెప్పడం! మన పిల్లలు చేతిలోకి తీసుకోవాల్సిన విద్య అది. గంబూసియా దగ్గర నాకు ఎక్కువ బాధ. దోమపిల్లలను తినే చిన్న చేపలు మనకు ముందు నుంచీ ఉన్నాయి. నడినెత్తిన తెల్లటి చుక్క, నీళ్ల పైపైనే ఈదుతుంది, అప్లోకీలస్ ప్రజాతిది. ఎండలో ఆ చుక్క నక్షత్రంలా మెరుస్తుంది. ఇంట్లో పనిమంతులను పెట్టుకుని బయటి నుంచి కూలికి తెచ్చుకున్నాం.

ఈ చదువు దేనికి పనికొస్తుందని నాయినతో పాటు చాలామంది అడిగారు. మూడేండ్ల కింద ఒక పొద్దున దానికి జవాబు దొరికింది. ఆ ముసురు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఐదు కాకముందే పక్క మండలం సంఘం నుంచి ఫోన్. "చేపలన్నీ నోళ్లు తెరుసుకుంట పైకొస్తున్నయ్, ఎవడో మందు కలిపిండు." నేను నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు పట్టుకుని బండి మీద పోయేసరికి కట్ట మీద రెండు వర్గాలు నిలబడి ఉన్నాయి. మందు కలిపినవాడి పేరు అప్పటికే తేల్చేశారు. అతను అక్కడే ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. ఇంకో అరగంట ఆగితే కర్రలు లేచేవి.

నీళ్లలో మీటరు పెట్టాను. ఆక్సిజన్ లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. మూడు దాటకపోతేనే కార్పులకు కష్టం. తేలినవన్నీ పెద్ద బొచ్చెలు, పెద్ద రవ్వలు. చిన్నపిల్లలు ఒడ్డున ఇంకా కదులుతున్నాయి. మందు కలిపితే ముందు పోయేవి ఎక్కువగా చిన్నవే. ఊపిరాడకపోతే ముందు పోయేవి పెద్దవి, వాటి ఒంటికి ఎక్కువ కావాలి గనుక. ఒక ముసలాయనను అడిగాను: "తాతా, కొర్రమీనులు తేలినయా?" "ఒక్కటి గూడ తేలలే బిడ్డా." కొర్రమీను నీళ్ల పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది, మొప్పల పక్కన దానికి అందుకోసమే ఒక గూడు ఉంది. నీళ్లలో ఆక్సిజన్ అయిపోయినా అది బతుకుతుంది. విషమైతే అది కూడా మిగలదు.

అందరినీ కట్ట మీద కూర్చోబెట్టి చెప్పాను. ఊరి మురుగు చెరువులోకి వస్తున్నది, దాంతో పచ్చపాచి బలిసింది, ఒక మూలంతా గుర్రపుడెక్క. పగలు పాచి ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పాచి మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. మూడు రోజులు ఎండ లేదు. ఇచ్చేది తగ్గింది, తీసుకునేది తగ్గలేదు. అందుకే తెల్లవారుజామునే చేపలు తేలతాయి. మధ్యాహ్నం దాకా ఉండి మళ్లీ కొలిచి చూపించాను, అంకె పెరిగింది. ఆ మనిషి చేతులు అప్పటికి కుదుటపడ్డాయి. ముసలాయన మీటరును అటూ ఇటూ తిప్పి చూసి, "గీ మిషన్ ఎంతకొస్తది బిడ్డా? సంఘం పైసలల్ల ఒకటి కొనుక్కుంటం" అన్నాడు. కొన్నారు కూడా. ఇప్పుడు ముసురు పడితే ముందే కొలిచి నాకు ఫోన్‌లో అంకె చెప్తారు.

ఆ సాయంత్రం నాయినకు ఇదంతా చెప్పాను. మరుసటి ఆదివారం నన్ను చెరువుకు తీసుకుపోయి ఈత నేర్పడం మొదలుపెట్టాడు. జాలరి ఇంట్లో పుట్టి అప్పటిదాకా నాకు ఈత రాదు. ఆడపిల్లలకు నేర్పే ఆనవాయితీ లేదు, పైగా తమ్ముడిని తీసుకుపోయిన నీళ్లు. రెండు చేతుల మీద నన్ను తేలేసి పట్టుకుని, "కాళ్లు కొట్టు బిడ్డా, నేనున్న" అన్నాడు. వల ఇడిసిపెట్టమన్న మనిషి ఆయనే.

ఇంక దారి సంగతి. దీన్ని తియ్యగా చెప్పి నిన్ను మోసం చేయలేను. ఇంటర్ తర్వాత రెండు తొవ్వలు. ఒకటి బీఎఫ్ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ, నాలుగేండ్లు. పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కింద వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల 2017 నుంచి ఉంది, బైపీసీ పిల్లలు ఎప్‌సెట్ ద్వారా పోవచ్చు. మత్స్యశాఖలో ఎఫ్‌డీఓ (మత్స్య అభివృద్ధి అధికారి) ఉద్యోగాలకు, హేచరీలకు, దాణా కంపెనీలకు ఎక్కువగా దారి తీసేది అదే. రెండోది నేను వచ్చిన తొవ్వ: డిగ్రీ జువాలజీ, ఎంఎస్సీ, నెట్ అర్హత పరీక్ష, పరిశోధన. ఈ రెండింటి నడుమ ఒక గోడ ఉంది. ఎంఎఫ్ఎస్సీకి, అంటే మత్స్యశాస్త్రంలో పీజీకి, సాధారణంగా బీఎఫ్ఎస్సీ చదివినవాళ్లనే తీసుకుంటారు. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈకి పోవాలని కలగన్న నాకు ఆ సంగతి డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది. నీకు ఇంటర్‌లోనే తెలియాలని ఇంత విడమర్చి రాస్తున్నాను.

ఆ గోడ వల్ల జరిగేది ఒకటుంది. ఒక పక్క చేపను పెంచడం నేర్చినవాళ్లు, ఇంకో పక్క చేపను కోసి చూడటం నేర్చినవాళ్లు. చెరువును మొత్తంగా, అంటే నీళ్లు, పాచి, పురుగు, చేప, కొంగ, వల పట్టిన మనిషి అన్నింటినీ కలిపి చూడటం నేర్చినవాళ్లు రెండు వైపులా తక్కువ. నువ్వు ఏ తొవ్వన పోయినా ఆ రెండో సగాన్ని సొంతంగా నేర్చుకోవాలి. లెక్కలకు భయపడొద్దు. చేపల సంఖ్య, పొడవు, బరువు, వాటి నడుమ సంబంధం, అంతా గణాంకమే. అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. చేపను గుర్తుపట్టడం ఎంత ఓపిక పనో సీసాలు ముందు పెట్టుకుని కూర్చుంటే గానీ తెలియదు. 1940ల్లో హైదరాబాద్ సంస్థానం చేపలను జిల్లాల వారీగా సర్వే చేశారు. నిజామాబాద్ జిల్లా జాబితా 1947లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. అది ముందు పెట్టుకుని ఈనాడు అక్కడే వల వేస్తే ఒక పీహెచ్‌డీకి సరిపడా పని.

పైసల సంగతి. నెట్ కొట్టి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000. ప్రాజెక్టు ఫెలోగా అయితే ఎంతని చెప్పలేం, ఎప్పుడొస్తుందో అసలే చెప్పలేం. నేను పనిచేసిన ఒక చోట ఏడు నెలలు జీతం రాలేదు. ఆ ఏడు నెలలు అమ్మ బల్ల మీది చేపే నా పరిశోధనకు పెట్రోలు పోసింది. అట్లాంటి అండ లేని పిల్లలు నడుమలో వదిలేసి పోవడం చూశాను. వాళ్లలో నాకంటే బాగా చేపను గుర్తుపట్టేవాళ్లున్నారు. దీన్ని ఓర్చుకోవడమే గొప్పతనమని నేను చెప్పను. ఇది మారాల్సిన అన్యాయం.

ఎట్లా మారాలంటే, కొత్తగా చట్టం అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామపంచాయతీకి ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టు చేమ, జీవరాశి వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. నేను చూసిన ఒక ఊరి పుస్తకంలో చేపల పేజీ తెరిస్తే కనిపించినవి బొచ్చె, రవ్వ, బంగారుతీగ. వేసినవే మళ్లీ రాశారు! రాసినవాళ్లకు చేపలు తెలియవు, తెలిసినవాళ్లను ఎవరూ పిలవలేదు. జిల్లాకు ఒక్క మంచినీటి జీవశాస్త్రవేత్తను నెలజీతం మీద పెట్టి, సంఘం పెద్దలను కూర్చోబెట్టుకుని, ఏడాదికి రెండుసార్లు, మత్తడి పడ్డాక ఒకసారి, ఎండాకాలం ఒకసారి, ఎంచుకున్న చెరువుల్లో వల వేసి రాయమంటే ఐదేండ్లలో మనకొక లెక్క వస్తుంది. చేపపిల్లల మీద పెట్టే ఖర్చు పక్కన ఇది ఎంత? ఏ చెరువులో ఏ రకం వేస్తే బతుకుతుందో ఆ లెక్కే చెప్తుంది. వేసేవాళ్లకూ అది లాభమే.

పట్నం నుంచి వచ్చే కొందరు ప్రకృతి ప్రేమికులు చేపల వేటే ఆపించాలంటారు. వాళ్లతో నాకు పొసగదు. చెరువు మీద హక్కు ఉన్నవాడే చెరువుకు కాపలా. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో మట్టి పోస్తుంటే ముందు అడ్డం పడేది మా సంఘాలే. వల కన్ను ఎంత ఉండాలి, ఏ నెలలో వల ఆపాలి అని వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి, వాళ్లను తోసేసి కాదు. 1970 నుంచి 2020 దాకా ప్రపంచమంతటా వలసపోయే మంచినీటి చేపల సంఖ్య సగటున 81 శాతం పడిపోయిందని లివింగ్ ప్లానెట్ సూచీ చెప్తున్నది. ఆనకట్టలు, మురుగు, ఇసుక తవ్వకం, అతివేట అన్నీ అందులో ఉన్నాయి. మానేరులో ఇసుక పోతే ఇసుక దొందుకు ఇల్లే లేదు. ఆ ఇసుకను జాలరి ఎత్తుకుపోలేదు.

గోదావరి ఒడ్డున మంగపేట వైపు ఒక పెద్దమనిషి మలుగు గురించి చెప్పాడు. పాములా ఉండే ఆ చేప గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది, పిల్లలు మళ్లీ నది పొడుగూతా ఎదురీది పైకి వస్తాయి. తన చిన్నప్పుడు గాలానికి మోచేయంత లావు మలుగు పడేదట. నది మీద ఇప్పుడున్న బ్యారేజీలు ఒక్కొక్కటి పేరు చెప్పి, "ఎట్ల దాటాలె బిడ్డా అది?" అన్నాడు. ఆ ప్రశ్న నా నోట్‌బుక్కులో అట్లాగే ఉంది. చేపలు దాటే మెట్లు ఎట్లా కట్టాలి, మన చేపలు వాటిని ఎక్కుతాయా అని తేల్చడం ఒక మనిషి జీవితకాలం పని. ఎవరైనా ఒకరు ఎత్తుకోవాలి.

అందుకే, నీట్ పుస్తకాలు మూసేయమని నేను నీకు చెప్పను. సీటు వస్తే హాయిగా పో. వస్తుందో రాదో తేలకముందే ఒకసారి చెరువును చూడమంటున్నాను. ఈ ఆదివారం పొద్దున ఐదున్నరకు కట్ట మీదికి రా. మీ అమ్మకు చెప్పి రా. పాత బట్టలు వేసుకో, చెప్పులు తూము దగ్గరే విడవాలి. నాయిన విసురు వల తెస్తాడు. మీటరు నీ చేతికే ఇస్తాను. వలలో పడ్డవన్నీ బొక్కెన నీళ్లలో వేసి, పేరు అడిగి, పొడవు కొలిచి, రాసుకుని, బతికుండగానే తిరిగి వదులుదాం.

ఇంకొక పని కూడా ఉంది. నెత్తిన తెల్ల చుక్కున్న ఆ చిన్న చేపను మా ఊళ్లో ఏమనేవారో నాయినకు గుర్తుకు రావడం లేదు. పేజీలో జాగ వదిలి ఉంచాను. వచ్చే ముందు మీ నానమ్మను అడిగి రా.